మరదలి కోసం తెచ్చిన తూటాలు

మా నాన్న మా మరదలి కోసం తూటాలు ఏరుతుంటే చూసి నాకు కడుపు మండింది. దీనికి నాజూకైన పేర్లు ఉంటే ఉండొచ్చు. నాకు మాత్రం కడుపే మండింది.

ఆదివారం చర్చిలో ఆరాధన ముగించుకుని, ఎప్పటిలాగే అందరం కారంపూడి రోడ్డు పక్కనున్న పాత సున్నపురాయి క్వారీకి చేరాం. రాయి తీయడం ఎప్పుడో ఆపేసిన ఆ గోతిని నరసరావుపేటలో జిన్నింగ్ మిల్లున్న ఒకాయన కొని, కావలసిన అనుమతులన్నీ తెచ్చుకుని, తుపాకీ కాల్చుకునే మైదానంగా మార్చాడు. గోతి అడుగున ఒక యంత్రం ఉంటుంది. అది అరచేయంత మట్టి బిళ్ళల్ని గాల్లోకి విసురుతుంది. బిళ్ళ కింద పడేలోపు కాల్చి పగలగొట్టాలి, అదీ ఆట. వాటిని మేం పిట్టలంటాం. నిజం పిట్టల జోలికి ఎవరూ పోరు.

రేకుల షెడ్డు కింద ప్లాస్టిక్ బల్ల మీద నాన్న నాలుగు రకాల తూటాల పెట్టెలు విప్పి పెట్టుకున్నాడు. విజయవాడ దాకా బస్సులో పోయి, తుపాకుల కొట్లో లైసెన్సు చూపించి తెచ్చాడు వాటిని. ఒక్కో పెట్టెలోంచి ఒక్కొక్కటి తీసి మా తమ్ముడి భార్య చేతిలో పెడుతున్నాడు.

"ఇది కాల్చి చూడమ్మా. ఎట్టా తన్నిందో చెప్పు."

తుపాకీ పేలితే గుండ్లు ముందుకి పోతాయి, దెబ్బ వెనక్కి భుజం మీద పడుతుంది. దాన్నే తన్నడం అంటాం. ఆమె కాల్చింది. తుపాకీ దించి, కూరలో ఉప్పు చూసినదానిలా కాసేపు ఆలోచించింది.

"ఇది గుద్దింది మామయ్యా."

రెండోది కాల్చింది. "ఇది అంత గుద్దలేదు గానీ చెంప మీద చురుక్కుమంది."

మూడోది కాల్చింది. "ఇది బాగుంది. ఇది తోసింది. తోస్తే ఏం కాదు మామయ్యా, గుద్దితేనే నొప్పి."

నాన్న ఆ మూడో పెట్టెను తన వైపు జరుపుకున్నాడు. పిల్లలకి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. "ఇందులో సీసం ఇరవై నాలుగు గ్రాములే. సీసం తగ్గితే తన్ను తగ్గుద్ది. రెండోదీ ఇరవై నాలుగే, కానీ అది వేగంగా పోయే రకం. అందుకే చురుక్కుమంది. తేలిగ్గా ఉండాల, నిదానంగానూ ఉండాల. పిట్ట పగలటానికి రెండు మూడు గుండ్లు తగిలినా చాలమ్మా. మిగతాదంతా మన భుజానికి శిక్ష."

నేను పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాను. నాలుగో పెట్టెలో ఉన్నవి ముప్పై రెండు గ్రాములవి. నాన్న వాటిని నా ఒళ్ళో పెట్టి, "మనకి మామూలువే" అన్నాడు.

ఇన్నేళ్ళుగా తుపాకీ పడుతున్నాను. ఏ తూటా ఎలా తన్నిందని నన్ను ఎవరూ అడగలేదు.

నేను మొదటిసారి తుపాకీ పట్టింది ఇంటర్ చదివేటప్పుడు. మాకు బొల్లాపల్లి దగ్గర మెట్ట పొలం ఉంది. కొండల మీద నుంచి పందులు దిగి కంది చేను తొక్కేసేవి. వాటిని బెదరగొట్టడానికి తాత కాలం నుంచీ లైసెన్సున్న రెండు గొట్టాల తుపాకీ ఒకటి ఇంట్లో ఉండేది. ఒకరోజు నాన్న దాన్ని నా చేతికిచ్చి గాల్లోకి పేల్చమన్నాడు. పేల్చాను. పేల్చి నాగటి చాల్లో కూలబడ్డాను.

"ఏం కాలేదుగా?" అన్నాడు నాన్న. జవాబు కూడా ఆయనే చెప్పేశాడు అందులో.

"ఏం కాలా" అన్నాను, మట్టి దులుపుకుంటూ.

"అదీ నా కూతురంటే."

ఆ ఒక్క మాట మీద ఎన్నేళ్ళు బతికానో నాకే తెలియదు. నా తర్వాత తమ్ముడు కాల్చాడు. కాల్చి, భుజం పట్టుకుని ఏడ్చుకుంటూ అమ్మ దగ్గరికి పరుగెత్తాడు. మళ్ళీ దాని జోలికి పోలేదు. ఆ రోజు నుంచి తుపాకీ విషయంలో నాన్నకి కొడుకునీ నేనే, కూతుర్నీ నేనే.

మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. అన్నం దగ్గర కూర్చుని ఎవరైనా కారం ఎక్కువైందంటే మా నాయనమ్మ ఇంకో గరిటె వేసేది. మజ్జిగ అడిగితే నవ్వేవాళ్ళు. మిరపకోతల్లో చేతులు భగభగ మండినా ఆముదం రాసుకుని పడుకోవడమే తప్ప మండుతున్నాయని అనకూడదు. పొలం మీదా ఇదే వరస. పురుగుమందు డబ్బా మీద ఒక మూత అని రాసుంటే మూతన్నర పోయనిదే మావాళ్ళకి నిద్ర పట్టదు. తక్కువ పోస్తే పురుగు నవ్వుతుందనుకుంటారో ఏమో. ఇక తూటాల దగ్గర బుద్ధి ఎందుకు మారుతుంది? సీసం ఎంత ఎక్కువుంటే అంత మంచి తూటా. పైగా ఆ పాత తుపాకీ తేలికది. తేలిక తుపాకీలో బరువు తూటా వేస్తే ఎలా తంతుందో నా భుజానికి తెలుసు.

క్వారీ మైదానం వచ్చాక నాన్న నన్ను జోడీగా తీసుకున్నాడు. అక్కడ ఏటా మిరపకోతల ముందు జోడీ పందెం పెడతారు. జోడీ అంటే ఎవరు పడితే వాళ్ళు కుదరదు, చుట్టరికం ఉండాలి. తండ్రీకొడుకులు వస్తారు, బావాబామ్మర్దులు వస్తారు. తండ్రీకూతుళ్ళం మేమొక్కళ్ళమే. ఆ రోజు పొట్టేలు కోస్తారు. గెలిచిన ఇద్దరికీ ఒకే కంచంలో ముందు వడ్డిస్తారు. వాళ్ళు మొదటి ముద్ద తినేదాకా మిగతా వాళ్ళు చేతులు కడుక్కుని నిలబడాల్సిందే. ఎవరు పెట్టారో ఈ ఆచారం, వాళ్ళ కడుపు చల్లగుండ. నాన్నతో ఒకే కంచంలో ఆ ముద్ద నేను తిన్నాను, ఒకసారి కాదు. పెళ్ళయి, ఉద్యోగమొచ్చి, నా పిల్లలు కాలేజీకి పోతున్న వయసులో నాన్న కంచంలో చెయ్యి పెట్టి తినడమంటే ఏమిటో తిన్నవాళ్ళకే తెలుస్తుంది.

దాని ఖరీదు నా భుజం చెల్లించింది. ప్రతి ఆదివారం సాయంత్రానికి నేరేడు పండు రంగులో ఒక మచ్చ తేలేది. నేను హైస్కూల్లో టీచర్ని. సోమవారం చెయ్యి పైకెత్తి బోర్డు మీద రాయలేక నోట్సు చెప్పి రాయించేదాన్ని. మా బడి పిల్లలు సోమవారాన్ని డిక్టేషన్ రోజనే అనుకునేవాళ్ళు. మచ్చ మా ఆయన కంట పడకుండా మోచేతుల దాకా జాకెట్లు కుట్టించుకున్నాను. ఫ్యాషనా అని అడిగాడాయన. అవునన్నాను.

అంతటితో పోతే బాగుండేది. పోయిన ఏడాది నుంచి ఇంకో రోగం పట్టుకుంది. తుపాకీ పేలకముందే నా కళ్ళు మూతపడడం మొదలుపెట్టాయి. వేలు నొక్కబోతుంటే చాలు, దెబ్బ వస్తుందని ఒళ్ళే ముందు జడుసుకుంటుంది. పిట్ట పగిలిందో లేదో పక్కవాళ్ళ కేకని బట్టి తెలుసుకోవాల్సి వచ్చేది. ఎండ కంట్లో పడిందన్నాను కొన్నాళ్ళు. యంత్రం వంకర విసురుతోందన్నాను కొన్నాళ్ళు.

సరిగ్గా ఆ రోజుల్లోనే దిగింది మా మరదలు.

ఆమెది మాచర్ల. ఇక్కడ జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతుంది. మంచిదే, కాదనను. కానీ దోమ కుట్టినా ఇంటిల్లిపాదికీ చెప్పే రకం. తలనొప్పి వస్తే ఏ వైపు వచ్చిందో కూడా చెబుతుంది. పెళ్ళయిన కొత్తలో మా ఇంట్లో మొదటి ముద్ద తిని, "అత్తయ్యా, కారం ఎక్కువైంది, కాస్త నెయ్యి వేస్తారా" అంది. అందరం బిగుసుకుపోయాం. అమ్మ నెయ్యి గిన్నె తెచ్చి వేసింది. ఆడబిడ్డ అర్ధమొగుడని సామెత ఉండనే ఉంది కదా, నేను నా వంతుగా, "మాచర్లలో మిరపకాయలు పండవా ఏందమ్మా?" అన్నాను. "పండుతయ్ వదినా, నెయ్యి కూడా దొరుకుద్ది" అంది నవ్వుతూ. ఆ నవ్వు నాకు ఇప్పటికీ నచ్చదు.

సరదాగా చూద్దామని ఒక ఆదివారం క్వారీకి వచ్చింది. నాన్న తుపాకీ ఇచ్చి, ఎలా ఆనించాలో చూపించాడు. ఒక్క తూటా కాల్చి, తుపాకీ జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, "అమ్మో, ఇదేంది మామయ్యా ఇట్టా తన్నింది? ఇంతకన్నా మెత్తటివి ఉండవా?" అని అందరి ముందూ అడిగేసింది.

షెడ్డంతా నవ్వింది. మిల్లాయన అందుకుని, "మెత్తటివి కావాలంటే ఇడ్లీలు తెప్పిస్తానమ్మా" అన్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

నాన్న నవ్వలేదు. కుర్చీలోంచి లేచి ఆమె దగ్గరికి పోయి, "ఎక్కడ తగిలిందమ్మా?" అని అడిగాడు.

నా నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది.

తర్వాత జరిగింది ముందే చెప్పాను. విజయవాడ ప్రయాణం, నాలుగు పెట్టెలు, గుద్దడం, తోయడం. ఆ మెత్తటి తూటాలతో ఆమె వారం వారం బాగుపడింది. కాల్చాక తుపాకీ దించకుండా, పిట్ట ముక్కలై రాలడం చూసి నవ్వేది. తీరిగ్గా చూసేది. మంచినీళ్ళు తాగినంత సులువుగా రెండో పిట్ట మీదికి తిరిగేది. నాన్న వెనక నిలబడి, "అద్దీ" అనేవాడు. ఆ "అద్దీ" నాది. నా సొత్తు పట్టుకుపోయి ఆమె మెడలో వేసినట్టు అనిపించేది నాకు.

ఒకసారి వాళ్ళంతా టీలు తాగుతుంటే, నా వంతు వచ్చినప్పుడు ఆమె పెట్టెలోంచి రెండు తూటాలు తీసుకున్నాను. అవి ఎందుకూ పనికిరావని నాకు నేను రుజువు చేసుకోవాలి. పిట్ట పగలకూడదని నేను కోరుకున్నది ఆ ఒక్కసారే. నిలబడ్డాను, పిట్ట లేచింది, కాల్చాను.

భుజం మీద ఎవరో చెయ్యి వేసి కాస్త పక్కకి జరగమన్నట్టుగా ఉంది. అంతే. కళ్ళు మూతపడలేదు. నారింజ రంగు బిళ్ళ నడి గాల్లో పొడి పొడి అయిపోవడం నా కళ్ళతో నేను చూశాను. చూసి ఎన్నాళ్ళయిందో. రెండోదీ పగిలింది. అదీ చూశాను.

సంతోషించాలి కదా? నాకు ఏడుపొచ్చింది, ఆ వెనకే ఒళ్ళు మండే కోపమొచ్చింది. ఇంత హాయి ఈ లోకంలో ఉండగా నాకెవరూ చెప్పలేదు, నిన్నగాక మొన్నొచ్చిన పిల్లకి అడగ్గానే బస్సెక్కి పోయి తెచ్చిపెట్టారు.

వెనక్కి తిరిగేసరికి మరదలు టీ గ్లాసుతో నిలబడి ఉంది. తూటా మోతలో తేడా పట్టేసినట్టుంది.

"బాగున్నయ్ గదా వదినా? కావాలంటే సగం మీరు తీసుకోండి."

"ఏం బాగు? దీపావళి టపాకాయల్లా ఉన్నయ్" అన్నాను. పోయి నా ముప్పై రెండు గ్రాములవి తెచ్చుకుని, మిగిలిన వంతంతా వాటితోనే కాల్చాను. ఒక్కటీ తగల్లేదు.

జోడీ పందేనికి పేర్లు ఇచ్చే ఆదివారం వచ్చింది. పేరివ్వడమంటే షెడ్డు కింద నిలబడి నలుగురి ముందూ నోటితో చెప్పడమే. మా వంతు రాగానే అలవాటు కొద్దీ నేను కుర్చీలోంచి లేచాను. లేచి నిలబడ్డాక విన్నాను నాన్న మాట.

"ఈసారి నేనూ మా కోడలూ."

లేచినదాన్ని లేచినట్టే ఉండిపోయాను. నలుగురూ నా వైపు చూసి, చూడనట్టు తలలు తిప్పుకున్నారు. మిల్లాయన, "మరి నువ్వు మీ ఆయనతో ఇస్తావా అమ్మా?" అన్నాడు. మా ఆయన చిచ్చుబుడ్డి వెలిగించాలన్నా గుమ్మంలోంచి అగరొత్తి చాపే మనిషి. ఆ సంగతి మిల్లాయనకీ తెలుసు.

జనం పలచబడేదాకా ఆగాను. కారు దగ్గర నాన్నా, నేనూ, మరదలూ మిగిలాం. ఇక ఆగలేదు.

"నాకెప్పుడన్నా మెత్తటివి తెచ్చావా నాన్నా?"

నాన్న తుపాకీ సంచి సీట్లో పెడుతూ ఆగాడు. "నువ్వెప్పుడన్నా నొప్పన్నావా?"

"ఆమె అంటే విజయవాడ పోయావు."

"ఆమె అడిగింది, తెచ్చా. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నువ్వేమో ఏం కాలా, ఏం కాలా అంటంటివి."

"నువ్వట్టా నేర్పబట్టి అన్నా."

మధ్యలో మరదలు కల్పించుకుంది. "ఆ తూటాలు నా ఒక్కదానికే తేలేదు వదినా. మామయ్య కూడా అవే కాలుస్తున్నారు."

నాన్న ఆమెను కసిరినట్టు చూశాడు. ఆమె ఆగే రకమా?

"ఆయన కుడి చెయ్యి పైకి లేవటం లేదు. చొక్కా తొడుక్కోటానికి కూడా కష్టమే. ఏది మెత్తగా ఉంటదో చూడటానికి ఇన్ని రకాలు ఆయన కాల్చలేరు. అందుకని నన్ను కాల్చి చెప్పమన్నారు. నాకు నచ్చిందే ఆయనకీ సరిపోయింది."

అంటే ఆ మూడో పెట్టె ఇద్దరిది. నేను పక్కనే కూర్చుని చూసిన ఆ ఏరుడంతా సగం నాన్న భుజం కోసం. ఆయన నా పక్కన నిలబడి కాలుస్తున్నది ఏ తూటానో కూడా నేను చూసుకోలేదు. చూడ్డానికి నా కళ్ళు తెరుచుకుని ఉంటే కదా.

"నాకెందుకు చెప్పలా?" అన్నాను.

నాన్న కారు తలుపు పట్టుకుని నేల చూపు చూశాడు. "ఎట్టా చెప్పేదమ్మాయ్? ఆడపిల్లవి, పక్కన నిలబడి ముప్పై రెండు గ్రాములవి కాలుస్తా, ఏం కాలా అంటంటే, నాకు నొప్పిగా ఉందని ఏ మొహం పెట్టుకుని చెప్పేది? నువ్వు కాలుస్తున్నావు గదా అని నేనూ చానా ఏళ్ళు అయ్యే కాల్చా."

నేను ఆయన కోసం కాల్చాను. ఆయన నా కోసం కాల్చాడు. ఇద్దరం ఒకరి ముందు ఒకరం పరువు కాపాడుకుంటూ భుజాలు పోగొట్టుకున్నాం. నాదీ పోయింది నాన్నా అని అప్పుడైనా అనొచ్చు. మరదలు పక్కనే ఉంది. నోరు రాలేదు.

ఆ రాకపోవడంలో కూడా అసూయే ఉంది, దాచడమెందుకు. తూటాల మీద అసూయ ఆ మధ్యాహ్నంతో పోయింది. అవి కొట్లో దొరుకుతాయి, నేనూ తెచ్చుకోగలను. తన నొప్పి ఆయన ఆమెకి చెప్పుకున్నాడు. చొక్కా తొడుక్కోలేని సంగతి ఆమెకి తెలుసు, నాకు తెలియదు. నేను ఆయన కన్న కూతుర్ని. ఆమె నెయ్యి అడిగిన పిల్ల. దీన్ని ఏ కొట్లో కొనుక్కోను?

పందెం రోజు నేను కాల్చలేదు. కుర్చీ వేసుకుని వెనక కూర్చున్నాను. వాళ్ళిద్దరూ పక్కపక్కన నిలబడి ఒకే పెట్టెలోంచి తీసుకుని కాల్చారు. నాన్న వయసు పదేళ్ళు తగ్గినట్టు కాల్చాడు. గెలుస్తారని సగంలోనే అందరికీ తెలిసిపోయింది. ఓడిపోవాలని కోరుకున్నానా అంటే, కోరుకున్నాను. చివరి పిట్ట పగిలినప్పుడు మాత్రం చప్పట్లు కొట్టాను. చెయ్యెత్తితే నొప్పి పుట్టింది.

కంచం వచ్చింది. అన్నం మీద పొట్టేలు కూర, పక్కన నెయ్యి. నెయ్యి ఎవరు వేయించారో చెప్పక్కర్లేదు. నేను అందరితో పాటు చేతులు కడుక్కుని నిలబడి చూశాను. నాన్న కుడిచేత్తో ఎముక మీది ముక్క తెంపలేకపోతుంటే ఆమె తెంపి ఆయన వైపు జరిపింది. ఎవరూ గమనించనంత మామూలుగా చేసింది. నేను గమనించాను. మేం అన్నిసార్లు ఆ కంచంలో తిన్నాం. ఆయన ముక్క తెంపుకోగలుగుతున్నాడా లేదా అని ఒక్కనాడూ చూడలేదు నేను.

భోజనాలయ్యాక నాన్న నన్ను వెతుక్కుంటూ షెడ్డు వెనక్కి వచ్చాడు. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. జేబులోంచి నొప్పుల మందు సీసా తీసి నా చేతిలో పెట్టాడు.

"నొప్పిగా ఉందమ్మాయ్. కాస్త రుద్దు."

నలభై దాటిన నాకు మా నాన్న నోట ఆ మాట వినడం అదే మొదలు. ఆయన చొక్కా మెడ జరిపి, మందు వేసుకుని, భుజం గుంతలో, సరిగ్గా నేరేడు పండు మచ్చ తేలే చోట రుద్దడం మొదలుపెట్టాను. నాకు ఎక్కడ నొప్పో ఆయనకీ అక్కడే అనుకున్నాను.

నాన్న కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"అక్కడ కాదమ్మా. ఇంకాస్త ఎనక్కి, ఎముక పక్కన. మీ మరదలికి తెలుసు."

చెయ్యి వెనక్కి జరిపాను.

"ఇక్కడా నాన్నా?" అని అడిగాను.